మా పిన్ని ఆడని నాటకం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లేదని నాకు గట్టి నమ్మకం. (దానికి ఆధారం నాలుగు వారాల శిక్షణ, మెడలో వేలాడే కార్డు.) మత్తు సూదులకు అలవాటుపడ్డవాళ్లతో, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లతో ఎలా మాట్లాడాలో ఆశా కార్యకర్తలకు నేర్పడం నా కొత్త ఉద్యోగం. సీతాఫల్‌మండిలో ఒక కమ్యూనిటీ హాల్లో నా మొదటి తరగతి. మా మేడమ్ వెనక కుర్చీలో కూర్చుని చూస్తున్నారు. ఆవిడ మెచ్చితేనే ఉద్యోగం ఖాయం. ముట్టుకుంటే హెచ్‌ఐవీ రాదని పొద్దుటినుంచి గొంతు చించుకుంటున్నా, ముందు వరుసలోని అక్క దారికి రాలేదు. "మా గల్లీల ఆ బీమారున్న ఒకాయనున్నడు సార్. మీరు చెప్పింది సమజైంది. గని ఆయనింటి గడప తొక్కాల్నంటే భయమైతది" అంది. హాలంతా తలలూపింది.

ఇక నాటకమే శరణ్యమనుకున్నాను. రోగి వేషం నాదే, రోగికి నచ్చజెప్పే వేషం అక్కది. వాచ్‌మన్ పాత చొక్కా తొడుక్కుని, జుట్టు రేపుకుని, మోచేతి మడతలో ఎర్ర సిరాతో సూదిమచ్చలు దిద్దుకుని, పిలుపు కోసం బయట మెట్ల మీద తూలుతూ కూర్చున్నాను. అద్దం లేదు గానీ, అద్భుతంగా ఉన్నానని నాకు తెలుసు. అప్పుడే బోయిగూడలో ఉండే మా పిన్ని పేరంటానికి వెళ్తూ ఆ దారిన వచ్చింది.

"ఒరేయ్, ఇదేం అవతారంరా!" అంటూ దగ్గరికొచ్చి, నా చెయ్యి చూసి, నన్ను రెక్క పట్టుకుని హాల్లోకి ఈడ్చుకెళ్లింది. "ఇక్కడ పెద్దవాళ్లెవరండీ? మావాణ్ణి కాస్త చూడండి!" పిన్ని కూడా నాటకంలో మనిషే అనుకున్న అక్క హుషారుగా లేచింది. "పరేషాన్ గాకుండ్రమ్మా, జెర కూసోండ్రి. పోరడు సూదులు ఎప్పుడు షురూ జేసిండు?"

"పిన్నీ, నేను వీళ్ల సార్‌ని!" అని మొత్తుకున్నాను.

"మత్తుల గిట్లనే మాట్లాడ్తరమ్మా" అని అక్క సర్దిచెప్పింది. "ఒకరి సూది ఒకరు వాడితే హెచ్‌ఐవీ సుత రావొచ్చు. పరీక్ష చేపియ్యాలె." నా పాఠం నాకే అప్పజెప్పింది. వెనక మేడమ్ ముఖం వెలిగిపోతోంది.

పిన్ని పట్టుచీర కొంగుతో నా మొహం తుడిచి, "వస్తే రానీరా, మందులిప్పిద్దాం. నువ్వు మావాడివి కాకుండా పోతావా? పద, ఇంటికెళ్లి అన్నం తిందువుగాని" అని, నన్ను గట్టిగా పట్టుకుని భోరుమంది. అది నాటకం కాదని హాలుకు అప్పుడు అర్థమైంది. నిజం చెప్పి పిన్నిని ఓదార్చడానికి అందరం కావలసివచ్చింది. అక్క కళ్లు తుడుచుకుంటూ, "రేపే పోత సార్ ఆయనింటికి" అంది. వెళ్లింది కూడా.

నా ఉద్యోగం ఖాయమైంది. ఆ సాయంత్రం పిన్ని వడ్డిస్తుంటే తింటూ, ఇదంతా తన నటన మహిమేనని నాలోని ఆ కుర్రవాడు లోలోపల పొంగిపోయాడు. వాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఇన్నేళ్లుగా ఎన్నో హాళ్లలో పాఠం చెబుతున్నాను, బాగా చెబుతాననే పేరూ ఉంది. పిన్ని ఆ రోజు చెప్పినంత బాగా మాత్రం ఒక్కసారీ చెప్పలేకపోయాను.