గాలిచేతి లచ్చయ్య

సుల్తానాబాద్ అవతల, కాలువ దాటాక వచ్చే ఊళ్లో లచ్చయ్యను ఒట్టి లచ్చయ్య అని పిలిచేవాళ్లు తక్కువ. గాలిచేతి లచ్చయ్య అంటారు. ఆ పేరు పెట్టింది గడీలోని సుదర్శన్‌రావు దొర. పెట్టినవాడు మరిచిపోయినా ఊరు మరిచిపోలేదు. తమలాంటివాడు సంపాదించుకున్న మంచిపేరు ఊరికి గుర్తుండదు గానీ, గడీ మెట్ల మీది నుంచి విసిరేసిన పేరును మాత్రం భద్రంగా దాచిపెడుతుంది.

డెబ్బైలలో లచ్చయ్య గడీలో జీతగాడు. అప్పటికే బుచ్చవ్వతో పెళ్లయింది. దొరకు ఒక జీపు ఉండేది. అదంటే ఆయనకు ప్రాణం. కరీంనగర్ షెడ్డువాళ్లంతా దొంగలని ఆయన గట్టి నమ్మకం. అందుకే బ్రేకు పని కూడా గడీ ముందరే, తన చేత్తోనే చేసుకునేవాడు. దొరలందరిలో ఒంటికి మసి అంటించుకునే దొర ఆయనొక్కడే. ఆ మాట ఒప్పుకోవాలి.

జీపు బ్రేకు నూనె మీద పనిచేస్తుంది. పెడల్ తొక్కితే సన్నని గొట్టాల్లో నూనె ఒత్తుకొని పోయి చక్రాన్ని పట్టిస్తుంది. ఆ నూనెలో గాలి చేరితే తొక్కిన బలమంతా గాలిని అదమడానికే సరిపోతుంది, చక్రం ఆగదు. గాలి తీయాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు పెడల్ అదిమి పట్టాలి. ఇంకొకరు చక్రం దగ్గరున్న చిన్న నిపుల్‌ను పానాతో వదులు చేయాలి. నూనెతో పాటు బుడగలు బయటికి వచ్చేస్తాయి. నిపుల్ మళ్లీ బిగించేదాకా అదిమినవాడు వదలకూడదు. వదిలితే పోయిన గాలి తిరిగి లోపలికే వస్తుంది.

దొర జీపు కింద పడుకునేవాడు. పెడల్ వంతు లచ్చయ్యది. కానీ దొర కూర్చునే సీట్లో జీతగాడు కూర్చోకూడదు. అందుకని బయటే నిలబడి, లోపలికి వంగి, రెండు చేతులతో పెడల్ నొక్కేవాడు.

“నొక్కినవారా?” అని కింది నుంచి దొర అరిచేవాడు.

లచ్చయ్య లేచి చేతులు కట్టుకొని, “నొక్కిన, బాంచెన్,” అనేవాడు.

పొద్దంతా అదే పని. ఎంత గాలి తీసినా బ్రేకు మెత్తగానే ఉండేది. ఎందుకో ఇద్దరికీ తెలియలేదు. ఒకనాడు ఆ జీపు పెద్దపల్లి బాటలో కల్వర్టు గోడను గుద్దుకుంది. దొర మోకాలు దెబ్బతిన్నది. మర్నాడు లచ్చయ్యను గడీ ముందు వంగబెట్టి, వీపు మీద బండ ఎత్తి, ఎండ దిగేదాకా అట్లాగే ఉంచారు.

“నీ చేతులల్ల గాలున్నదిరా. నువ్వు పట్టినదేది ఆగదు,” అన్నాడు దొర.

బండ సాయంత్రానికి దించారు. ఆ మాటను మాత్రం ఎవరూ దించలేదు. లచ్చయ్య కూడా దాన్ని నమ్మాడు.

తరవాత ఊళ్లోకి కూలీల సంఘం వచ్చింది, గడీలో జీతగాళ్ల వెట్టి పోయింది. లచ్చయ్య మస్కట్ పోయాడు. మనిషి నమ్మకస్తుడని, డంపర్ నడపడం నేర్పిస్తాం రమ్మని కంపెనీవాళ్లే అడిగారు. “నా చేతులు మంచియి కావు సార్” అని చెప్పి సిమెంటు బస్తాలే మోశాడు. డ్రైవర్లు చల్లటి క్యాబిన్లలో కూర్చొని పోతుంటే ఎండలో నిలబడి దారి ఇచ్చాడు. సముద్రం దాటినా గడీ ఆయన వెంటే వచ్చింది.

తిరిగొచ్చి బర్రెలు కొన్నాడు. పెద్దపల్లి హోటళ్లకు పాలు పోయడానికి ఒక మోటార్‌సైకిల్ కూడా కొన్నాడు. తొంభైల చివర్లో, ముందు చక్రానికి డిస్కు బ్రేకున్న బండ్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. అది కూడా నూనె బ్రేకే. ఆ సంగతి తెలిసే కొన్నాడు. ఎందుకు కొన్నాడో బుచ్చవ్వకు చెప్పలేదు. చెప్పకపోయినా ఆమెకు అర్థమైంది.

అర్థం కానిది ఊరివాళ్లకే. “గాలిచేతికి నూనె బ్రేకా? కాలువల జొర్రుతడు,” అని దర్జీ అంబదాస్ నవ్వాడు.

బండి పాతబడ్డాక పెద్ద సర్వీసుకు కరీంనగర్ డీలర్ దగ్గర ఇచ్చాడు. అక్కడ అద్దాల గది, గదిలో కుర్చీలు, లోపలికి ఎవరూ రావద్దని బోర్డు. పొద్దున ఇచ్చిన బండి మాపటికి మెరుస్తూ వచ్చింది. లోపల దానికి ఏం చేశారో అద్దాలకే తెలియాలి.

వారం తిరక్కముందే, బుచ్చవ్వను వెనక కూర్చోబెట్టుకొని గడీ ముందరి వాలు దిగుతున్నాడు. పెట్రోలు మిగులుతుందని అక్కడ అందరూ ఇంజన్ ఆపి, న్యూట్రల్‌లోనే దిగుతారు. మేకల మంద అడ్డం వచ్చింది. లచ్చయ్య బ్రేకు లీవర్ పట్టాడు. అది మెత్తగా పోయి హ్యాండిల్‌కే తగిలింది. బండి పడింది, పాల క్యాన్లు దొర్లాయి, బుచ్చవ్వ మోచేయి చెక్కుకుపోయింది.

చూసినవాళ్లు బండిని అనలేదు. “గా చేతుల గుణం ఏడికి పోతది,” అన్నారు.

“నేను ఇగ దీని మీద కూసోను. నువ్వు గూడ కూసోవద్దు. అమ్మెయ్యి,” అంది బుచ్చవ్వ.

అమ్మితే ఊరు అన్నది నిజమైపోతుంది. లచ్చయ్య ఆ రాత్రి బువ్వ ముట్టలేదు.

మళ్లీ డీలర్ దగ్గరికి పోయాడు. మెకానిక్ చెడ్డవాడు కాదు. కాకపోతే ఆయన వెనక బండ్లు వరస కట్టి ఉన్నాయి.

“బ్రేకుల గాలి తీసినవా తమ్మీ?”

“తీసినమే. డిస్కు గట్లనే మెత్తగుంటది, అలవాటైతది.”

“నా ముంగట తియ్యి జర.”

“లోపటికి రానియ్యరన్నా. ఇంట్ల గిన ఇప్పేవు, పాణం మీదికొస్తది.”

లచ్చయ్య వాదించలేదు. సీలు విప్పని బ్రేకు ఆయిల్ డబ్బా ఒకటి కొనుక్కొని ఊరికి వచ్చాడు. ఆర్‌ఎంపీ డాక్టర్ లక్ష్మీరాజం దగ్గర సెలైన్ పైపు ముక్క అడిగి తెచ్చుకున్నాడు.

మర్నాడు వాకిట్లో బండిని పెద్ద స్టాండు మీద నిలబెట్టాడు. బ్రేకు ఆయిల్ చుక్క పడితే బండి రంగు ఊడుతుందని, వెంటనే కడగడానికి బకెట్‌లో నీళ్లు పెట్టుకున్నాడు. హ్యాండిల్ మీది చిన్న డబ్బా మూత విప్పి, కొత్త ఆయిల్ నింపాడు. సెలైన్ పైపు ఒక కొన నిపుల్‌కు తొడిగి, రెండో కొన సీసాలో పోసిన ఆయిల్‌లో ముంచాడు. ఇక లీవర్ పట్టే మనిషి కావాలి.

బుచ్చవ్వ అరుగు మీద బీడీలు చుడుతోంది.

“ఇటు రా. సీటు మీద కూసొని బ్రేకు పట్టాలె.”

“కూసోనన్న గద.”

“పోయేదేం లేదు గదనే, స్టాండు మీదున్నది. ఉత్తగ కూసునుడే.”

“స్టాండు మీదున్నా నువ్వు పడగొడ్తవ్,” అంటూనే వచ్చి కూర్చుంది.

లచ్చయ్య చక్రం పక్కన నేల మీద చతికిలబడి పానా పట్టుకున్నాడు. గొంతు దానంతటదే పైకి లేచింది.

“పట్టినవా?”

“ఆఁ, పట్టిన.”

నిపుల్ విప్పాడు. పైపులో బుడగలు బయటికి వచ్చాయి. బిగించేలోపే గొలుసు కట్టినట్టుగా మళ్లీ వెనక్కి పోయాయి. తల ఎత్తి చూశాడు. బుచ్చవ్వ చేయి లీవర్ మీద లేదు.

“ఏమే, పట్టినవా లేదా?” అని గదిమాడు.

“ఏందట్ల ఒర్రుతవ్? గట్ల ఒర్రితే చెయ్యి నిలుస్తదా? దానంతటదే ఇడిసింది.”

లచ్చయ్య పైపు వైపు, ఆమె చేతి వైపు చూశాడు. తను ఇప్పుడు కూర్చున్న చోటు దొర పడుకున్న చోటు. అరిచిన గొంతు కూడా దొర గొంతే. జీపుకు ఇట్లాంటి తేట పైపు లేదు. గాలి వెనక్కి పోవడం ఎవరికీ కనిపించలేదు. కింది నుంచి కేక వినపడ్డప్పుడల్లా తను పెడల్ వదిలి చేతులు కట్టుకున్నాడు. కట్టుకోకపోతే తన్నేవాళ్లు. కట్టుకున్నందుకు జీపు గుద్దుకుంది. గాలి తన చేతుల్లోంచి రాలేదు. ఆ చేతులకు నేర్పిన మర్యాదలోంచి వచ్చింది.

గొంతు తగ్గించి అన్నాడు. “నేను ఇగ అడుగ. నువ్వే చెప్పు. నువ్వు పట్టిన అంటేనే నేను ఇప్పుత. నేను బిగిచ్చిన అనేదాక ఇడువకు. ఎవలు పిలిచినా ఇడువకు.”

“నువ్వు పిలిచినా?”

“నేను పిలిచినా.”

బుచ్చవ్వకు ఈ పద్ధతి నచ్చింది. కొంగు నడుముకు చుట్టుకొని సర్దుకు కూర్చుంది.

“పట్టిన. ఇప్పు.”

“బిగిచ్చిన. ఇడువు.”

“పట్టిన. ఇప్పు. ఏం చూస్తున్నవ్, ఇప్పు మరి.”

డబ్బాలో ఆయిల్ అడుగంటకుండా మధ్యమధ్య పోస్తూ, ఆమె చెప్పినట్టే విప్పుతూ బిగిస్తూ పోయాడు. మొదట పెద్ద బుడగలు, తరవాత ఆవగింజంత బుడగలు, చివరికి ఒట్టి తేట నూనె. బీడీ ఆకు మందం వేలితోనే చెప్పగల మనిషి బుచ్చవ్వ. లీవర్ మారడం ఆమెకే ముందు తెలిసింది.

“గట్టిపడ్డదయ్యా. రాయి లెక్కున్నది. ఇగ చాలు.”

ఆమె చాలన్నాకే లచ్చయ్య పానా కింద పెట్టాడు.

ముందు ఒక్కడే గల్లీలో నాలుగైదు సార్లు తిప్పి, ఆపి చూసుకున్నాడు. సాయంత్రం పాల క్యాన్లు కట్టుకుంటుంటే బుచ్చవ్వ వచ్చి వెనక ఎక్కింది.

“అమ్ముమన్నవ్ గద,” అన్నాడు.

“గప్పుడు అది డీలరు పట్టిన బ్రేకు. గిది నేను పట్టిన.”

గడీ వాలు దగ్గర అలవాటుగా ఇంజన్ ఆపాడు. సగం దిగాక గడీ అరుగు మీది నుంచి కేక వినిపించింది. సుదర్శన్‌రావు దొర, ముసలివాడై, చెడిన మోకాలికి దిండు పెట్టుకొని కూర్చున్నాడు.

“ఏందిరా గాలిచేతి, మొన్న ఈడనే పడ్డవట?”

లచ్చయ్య లీవర్ పట్టాడు. బండి వాలు నడుమ, ఉన్నచోటే నిలబడిపోయింది. ఎడమ చేయి పాత అలవాటుతో హ్యాండిల్ వదిలి ఛాతీ దాకా లేచింది. కుడి చేయి కోసం అక్కడ కాసేపు వెతికింది. కుడి చేయి రాలేదు. అది బ్రేకు మీదే ఉంది.

“బండి దిగవారా?”

“దిగ దొరా. దిగితే బ్రేకు ఇడువాలె.”

దొరకు కోపం రాలేదు. యంత్రాల పిచ్చి ఇంకా పోలేదు. వాలులో కదలకుండా నిలబడ్డ చక్రం వైపే చూస్తున్నాడు. “మంచిగ పట్టింది. ఎవడు చేసిండు, డీలరా?”

“ఇంట్లనే చేసుకున్నం. బుచ్చవ్వ పట్టింది, నేను గాలి తీసిన.”

“జీపుకు నువ్వే గద పట్టినవ్. గాలి ఎన్నడన్న పోయిందారా?”

“పోలే దొరా. మీరు కేకేసినప్పుడల్ల ఇడిసిపెట్టి చేతులు కట్టుకున్న. గందుకే పోలే.”

దొర చేత్తో మోకాలు నిమురుకుంటూ ఉండిపోయాడు.

బుచ్చవ్వ వెనక నుంచి లచ్చయ్య వీపు మీద వేలితో పొడిచింది. “బిగిచ్చినవ్ గద. ఇగ ఇడువు. హోటలోళ్లు పాలకు చూస్తుంటరు.”

లచ్చయ్య ఎడమ చేయి తిరిగి హ్యాండిల్ మీద వేశాడు. కుడి చేతి వేళ్లు ఒక్కొక్కటే వదులు చేశాడు. బండి కదిలి, తన దారిన తాను వాలు దిగింది.