పదకొండు తాళంచెవులు

ఇమ్మానుయేలు తాళం వెనకవైపు రివెట్ల తలలను ఆకురాయితో ఒక్కొక్కటిగా అరగదీస్తున్నాడు. పుంగనూరులో తిమ్మప్ప ఇనుప సామాన్ల అంగడి మెట్టు మీద అతను పని చేసుకునే చోటు అది. ఎదురుగా స్టూలు మీద కానిస్టేబుల్ అంబిక కూర్చుని చూస్తోంది. మదనపల్లె స్టేషను నుంచి ఆ తాళాన్ని చేతిసంచిలో వేసుకుని బస్సులో తెచ్చింది ఆమే.

అది ఎవరి తాళమో ఆమె చెప్పనక్కరలేకపోయింది. ఏడాది కిందటి దాకా అది ఎవాంజెలిన్ టీచరమ్మ ఇంటి తలుపుకు ఉండేది. బిగించింది ఇమ్మానుయేలే.

మదనపల్లెలో ఇమ్మానుయేలు, టీచరమ్మ ఉండే వీధిలో ఒక ఆనవాయితీ ఉంది. క్రిస్మసుకు ముందు మూడు వారాలు, సాయంత్రం ఆరింటికి రోజుకొక ఇంట్లో ప్రార్థన జరుగుతుంది. ఏ తేదీన ఎవరి ఇంట్లోనో రాసి చర్చి గేటుకు అంటిస్తారు. ఆ గంటన్నర వీధంతా ఆ ఒక్క ఇంట్లోనే ఉంటుంది, మిగతా ఇళ్లకు తాళాలు. చలికాలం, ఆరు కొట్టేసరికే చీకటి. పోయిన డిసెంబరులో అలాంటి ఒక సాయంత్రం టీచరమ్మ ఇంట్లో బీరువా ఖాళీ అయింది. తాళం పగలలేదు, గడియ వంగలేదు. దొంగ తీసుకోవలసింది తీసుకుని మళ్లీ తాళం వేసి మరీ పోయాడు.

టీచరమ్మ హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. తాళంచెవి తన బైబిలు సంచిలోంచి బయటికి రాలేదని పోలీసులకు చెప్పింది. ఆమెను ఎవరూ రెండోసారి అడగలేదు. ఇమ్మానుయేలును మాత్రం మూడు రోజులు స్టేషను బెంచీ మీద కూర్చోబెట్టారు. ఏమీ దొరక్క పంపించారు. ఆ తర్వాతి వారం ఇళ్ల భద్రత గురించి పోలీసులు వార్డులో మీటింగు పెట్టారు. కెమెరాలు అమ్మే సుదర్శన్ మైకు తీసుకున్నాడు. అతనిదీ అదే వీధి. తాళాలను నమ్ముకుంటే ఇంతేనని, తాళం బిగించినోడి దగ్గర ఇంకో చెవి ఉండదా అని అన్నాడు. జనం నవ్వారు.

ఆ నవ్వు తర్వాత వీధిలో ఎవరూ ఇమ్మానుయేలును పనికి పిలవలేదు. కుప్పం నుంచి చెల్లెలు ఫోను చేసి, నువ్వు తీయలేదు గదన్నా అని అడిగింది. బెంచీ మీద కూర్చున్న మూడు రోజులకంటే ఆ ప్రశ్న ఎక్కువ కాల్చింది. ప్రార్థనలకు పోవడం మానేశాడు. తనను ఎవరూ ఎరగని పుంగనూరుకు రోజూ పొద్దున బస్సెక్కి వచ్చి, సాయంత్రం తిరిగిపోతున్నాడు.

అతనికి ఈ పని ఎవరూ నేర్పలేదు. పెద్దతిప్పసముద్రం దగ్గరి పల్లెనుంచి ఇరవై ఏళ్లప్పుడు వచ్చి ఒక ఆసుపత్రి స్టోరులో ఊడ్చే పనిలో చేరాడు. అక్కడ మూలన ఒక చెక్కపెట్టె నిండా చచ్చిపోయిన తాళాలు ఉండేవి. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒక్కొక్కటి విప్పేవాడు. మొదటి ఏడాది విప్పడమే వచ్చింది. రెండో ఏడాది తిరిగి బిగించడం వచ్చింది. విప్పిన ప్రతి తాళం దాన్ని అంతకుముందు వాడినవాడి చెయ్యి ఎలాంటిదో చెప్పేది. మనుషుల మాటలకంటే ఇత్తడి మీది గీతలను నమ్మడం అతనికి అప్పటినుంచే అలవాటు.

నాలుగో రివెట్ ఊడింది. వెనక రేకు తీసి, చెవి తిరిగితే లేచే లోపలి ఇత్తడి పలకలను, లివర్లను, వరసగా గుడ్డ మీద పరిచాడు. ఒక్కొక్కదాన్ని వెలుతురుకు వంచి చూశాడు.

"ఏమప్పా, ఏమన్నా దొరికిందా?" అంది అంబిక.

అతను ఒక లివరును ఆమె అరచేతిలో పెట్టాడు. కమ్మీ పెట్టి తెరిచుంటే సూదితో గీసినట్టు గీతలు పడతాయన్నాడు. కొత్తగా కోసిన చెవి పెట్టుంటే పాత గాడి పక్కన ఇంకో గాడి పడుతుందన్నాడు. ఇక్కడ ఉన్నది ఒకటే గాడి, ఏళ్ల తరబడి ఒకే చెవి తిరిగి నున్నగా అరిగినది.

"దీన్ని తెరిసింది దీని సొంత చెవేనమ్మా. నేను కోసిన ఇంకో చెవి లేదు, ఉండుంటే ఈడ రాసుండేది."

"మరి ఆయమ్మ చెవి సంచిలోనే ఉండిందని రాసిచ్చింది గదా."

"ఒక్క సాయంత్రం నాతో నడు. ఎవురి ఇంట్లోకీ అడుగు పెట్టను. గేటు తీసి వాకిలి దాకా, అంతే. నువ్వే సూస్తువు."

అంబిక ఆ బీటుకు కొత్తగా వచ్చింది. చీకటి తొందరగా పడే నెలల్లో దొంగతనాలు జరక్కుండా చూడమని ఆమెకు పైనుంచి చెప్పారు. మీటింగు పెట్టి కరపత్రాలు పంచడం కంటే ఇది మేలనుకుంది. వాళ్ల ఎస్ఐకి చెప్పి ఒప్పించింది.

శుక్రవారం ప్రార్థన జోనాథన్ పాస్టరు ఇంట్లో. ఆరుంబావుకు వీధి నిశ్శబ్దమైంది. పాస్టరు ఇంట్లోంచి పాట వినిపిస్తోంది. వీధిలో పద్నాలుగు ఇళ్లకు తాళాలు. కొందరు వరండా లైటు వేసి పోయారు, దాంతో తాళం దూరం నుంచే మెరుస్తోంది. ఇమ్మానుయేలు ముందు, టార్చి పట్టుకుని అంబిక వెనక. ఏ ఇంట్లోనైనా ఆలస్యంగా వచ్చేవాళ్లు ఒకరుంటారు, బస్సు దిగే మగడో, కాలేజీ నుంచి వచ్చే బిడ్డో. వాళ్లకోసం చెవి వాకిట్లోనే ఎక్కడో పెట్టిపోతారు. అతను వెతికినట్టే లేదు. పాత చెప్పులో చెయ్యి పెట్టాడు, తీశాడు. రోజాపూల కుండీ కింద ఒకటి. కిటికీ చువ్వల వెనక ఒకటి. క్రిస్మసు నక్షత్రం వేలాడదీసిన మేకుకే ఒకటి. దొరికిన ప్రతి చెవికీ ఇంటి నంబరు చీటీ కట్టి డబ్బాలో వేశాడు. ఇరవై రెండు నిమిషాల్లో పద్నాలుగు ఇళ్లలో పదకొండు చెవులు.

చివరిది టీచరమ్మ ఇల్లు. కరెంటు మీటరు పెట్టె తలుపు తీశాడు. వైర్ల మీద చెవి నింపాదిగా పడుకుని ఉంది. నర్సుగా పని చేసే కోడలు సుహాసిని డ్యూటీ దిగి ఏడున్నరకు వస్తుంది, ఆమె కోసం పెట్టింది అది. ఇమ్మానుయేలు ఆ చెవిని వెంటనే తీయలేదు. ముందు అంబికను ఫోటో తీయమన్నాడు. ఆ తర్వాతే తీసి, చీటీ కట్టి డబ్బాలో వేశాడు.

ప్రార్థన అయ్యేదాకా వీధిలోనే ఆగి, వాళ్లు పాస్టరు ఇంట్లోకి పోయేసరికి కాఫీలు ఇస్తున్నారు. ఏడాదిగా కనబడని మనిషి కనబడేసరికి మాటలు ఆగాయి. సుదర్శన్ మాత్రం ఆగలేదు.

"ఏమప్పా ఇమ్మానుయేలూ, దోవ తప్పి వచ్చినావా? పోలీసుల్ని కూడా తోడు తెచ్చుకున్నావే."

ఇమ్మానుయేలు కాఫీ గ్లాసులు పక్కకు జరిపి, డబ్బాలోంచి చెవులు తీసి బల్ల మీద ఒకదాని పక్కన ఒకటి పేర్చాడు. ప్రతిదానికీ ఇంటి నంబరు, చెవి దొరికిన చోటు చెప్పాడు. గొంతు పెంచలేదు. ఒక్కొక్క నంబరుకు ఒక్కొక్క తల వంగింది. ఆ వంగిన తలలను అతను తొందరపడకుండా చూశాడు. అవన్నీ ఒకనాడు మీటింగులో నవ్వినవే.

తొమ్మిదో చెవిని పైకెత్తాడు. "సుదర్శనన్నా, ఇది నీది. నీ కెమెరా నన్ను బాగా సూసింది. ఈ చెవిని మాత్రం సూడలేకపోయింది, దాని నెత్తిమీదనే గదా పెట్టినావు."

ఎవరో వెనక కిసుక్కుమన్నారు. సుదర్శన్ చెయ్యి చాపాడు. ఇమ్మానుయేలు చెవి ఇవ్వలేదు, వరసలోనే పెట్టాడు.

చివరి చెవిని పెట్టి చోటు చెప్పాడు. గోడవారగా కుర్చీలో కూర్చున్న టీచరమ్మ ఒళ్లో బైబిలును రెండు చేతులా పట్టుకుంది. సుహాసిని అప్పుడే వచ్చి గుమ్మంలో నిలబడింది. మీటరు పెట్టెలో చెవి లేక వెతుక్కుంటూ వచ్చింది.

టీచరమ్మ చాలా మెల్లగా అంది. "ఆ పొద్దు కూడా ఆడనే పెట్టినా."

"ఎనక ఉండేవాళ్లకు ఇనపళ్లేదు టీచరమ్మా. గట్టిగా చెప్పండి," అన్నాడు ఇమ్మానుయేలు.

పాస్టరు అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఇమ్మానుయేలు ఆ చెయ్యి కిందనుంచి జరిగి నిలబడ్డాడు.

"మీటరు పెట్టెలోనే పెట్టినా," అంది టీచరమ్మ, ఈసారి బడిలో మాట్లాడినట్టు. "పిల్లోళ్లకంతా జాగ్రత్తలు చెప్పేదాన్ని, నేనే అట్ల చేసినానంటే సిగ్గని అబద్ధం చెప్పినా. ఇమ్మానుయేలు తప్పేం లేదు."

అందరం కలిసి ప్రార్థన చేద్దామన్నాడు పాస్టరు. ముందు ఆ మాట రాసుకోనీయండన్నాడు ఇమ్మానుయేలు. అంబిక బల్ల మీదే కాగితం పెట్టి రాసింది, టీచరమ్మ సంతకం చేసింది. ఆ కాగితాన్ని అతను ఫోనులో ఫోటో తీసి, అక్కడే నిలబడి కుప్పంలో చెల్లెలికి పంపాడు.

దొంగ ఇప్పటికీ దొరకలేదు. ఆ రాత్రే చర్చి గేటు మీది కాగితం చించేశారు, ఎవరి ఇంట్లో ప్రార్థనో ఇప్పుడు ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. ప్రార్థన జరిగే గంటన్నరా ఇద్దరిద్దరు వంతుల ప్రకారం వీధిలో తిరుగుతున్నారు. వీధివాళ్లకు నాలుగు మాటలు చెప్పమని అంబిక అడిగితే, మాటలు సుదర్శన్ చెబుతాడులే, నేను తలుపులు చూస్తానన్నాడు ఇమ్మానుయేలు. బయటికి కనబడే తాళాలు తీసేసి తలుపు లోపల ఇమిడే తాళాలు బిగించాడు. పెరటి గడియలకు అరంగుళం స్క్రూలు పీకి, చట్రం లోపలిదాకా దిగే పొడుగువి వేశాడు. ఆలస్యంగా వచ్చేవాళ్లకు తలా ఒక చెవి చేసిచ్చాడు. లైటు వరండాలో కాదు, లోపలి గదిలో వెయ్యమన్నాడు. సుదర్శన్ మూడుసార్లు కబురు పెట్టాడు. మూడుసార్లూ ఇమ్మానుయేలు చేతిలో పని ఉందన్నాడు. నాలుగోసారి సుదర్శనే వచ్చి వాకిట్లో నిలబడి, అందరూ వింటుండగా అడిగాక పోయి బిగించాడు.

టీచరమ్మ ఇల్లు అన్నిటికంటే చివర పెట్టుకున్నాడు. అక్కడ రెండు రోజులు పట్టింది. టేకు తలుపులో వెంట్రుక సందు లేకుండా గాడి తవ్వాడు. కోపం ఉన్న చెయ్యి అయినా వంకరపోలేదు, ఆమె తలుపులో వంకర పని వదిలిపెడితే ఓడిపోయేది తనే. సుహాసిని కాఫీ తెచ్చింది. తాగలేదు.

తాళం పదిసార్లు వేసి తీసి చూశాడు. అంబికను పిలిచి సాక్షిగా నిలబెట్టాడు. మూడు చెవులు టీచరమ్మ చేతిలో పెట్టాడు. వాటిని కోయడానికి అట్టమీద గీసుకున్న అచ్చు ఇచ్చాడు. తర్వాత చెవులు కోసేటప్పుడు కింద పరిచిన కాగితం మీద పడ్డ ఇత్తడి పొడిని ఒక్క రవ్వ పోకుండా దగ్గరికి చేర్చి పొట్లం కట్టాడు.

"ఇది కూడా మీదే టీచరమ్మా. నా దగ్గర ఏమీ లేదు. లెక్కజూసుకుని ఈ రసీదు మీద సంతకం పెట్టండి."

ఆమె పొట్లం తీసుకుని సంతకం పెట్టింది.