మొదటి నుంచి చెప్పమనే భూమేశ్

భూమేశ్‌కి ఒకే ఒక్క జబ్బు. ఏది చెడిపోయినా, ఎవరు కిందపడినా, చెయ్యి పెట్టే ముందు "మొదటి నుంచి చెప్పు" అంటాడు. మొదలంటే చెడిపోయిన క్షణం కాదు. ముందురోజు పొద్దున కళ్లు తెరిచినప్పటి నుంచి.

జగిత్యాల వాడు. ఒమాన్‌లో, నిజ్వాలో ఏదో మెయింటెనెన్స్ కంపెనీలో పని. ఒకసారి వాళ్ల రూమ్‌లో ఉండేవాడు సైట్లో నిచ్చెన మీద నుంచి జారిపడితే, "లేవకు, ఆగు. పొద్దుగాల ఏం తిన్నవ్?" అని అడిగాడట. వాడు కాలు పట్టుకుని రొట్టె, పప్పు, ఉల్లిగడ్డ వరసగా అప్పజెప్పాకే ఆస్పత్రికి తీసుకెళ్లాడట. ఇది నాకు చెప్పింది భూమేశే, గొప్పగా.

నేను పెంచలమ్మను, కడప జిల్లా. చదివింది రెండో తరగతి. కూరల్లో ఉప్పు వెయ్యడానికి అదే ఎక్కువ. జబల్ అఖ్దర్ కొండ మీద జువేరియా మామా ఇంట్లో వంట చేస్తాను. మామా అంటే ఇక్కడ యజమానురాలు. ఒమాన్ అంటే ఎండేనని అనుకునేవాళ్లు జనవరిలో ఈ కొండెక్కి చన్నీళ్లు పోసుకుని చూడాలి. ఇంట్లో మేమిద్దరమే. ఆమెకు సరిగా వినపడదు, నాకు మాట్లాడకపోతే అన్నం అరగదు. ఇంకేం, చక్కని జోడీ.

నడవలో ఇనుప బీరువా అంత హీటరు ఉంది. దాని అడుగున బ్లోయర్ తిరిగితేనే గదుల్లోకి వేడిగాలి వస్తుంది. ఒక శుక్రవారం పొద్దున అది తిరగలేదు. మస్కట్‌లో, అల్ ఖువైర్‌లో ఆఫీసు పని చేసే మామా కొడుకు కంపెనీకి ఫోన్ చేస్తే, కంపెనీ భూమేశ్‌ను పంపింది.

గుమ్మంలో నిలబడి హీటరు వంక ఒక్క చూపు చూశాడు. చెప్పులు విడిచి చాప మీద కూర్చున్నాడు.

"మొదటి నుంచి చెప్పు పెద్దమ్మా."

"చెప్పేదేముండాది? తిరగల్యా."

"నిన్న ఏం వండినవ్?"

"బ్లోయర్‌కేమీ వండల్యా నాయనా. మాకే వండుకున్యాము."

"ఎందరికి వండినవ్? ఎవరన్న వస్తమన్నరా?"

మామా కొడుకు, పెళ్లాం పిల్లలతో వస్తున్నానని గురువారం ఫోన్ చేస్తాడు. రాలేనని శుక్రవారం పొద్దున ఫోన్ చేస్తాడు. నడుమ నేను కోడిని కోసి, పెరుగు తోడుపెట్టి, దుప్పట్లు ఎండేసి ఉంటాను. అదంతా చెప్పాను. ఒకసారి తెరుచుకున్నాక నోరు ఆగితేగా. కడపలో మా వీధి కుళాయి తగాదా దాకా వెళ్లాను. వాడు ఊ కొడుతూనే ఉన్నాడు.

"దాన్ని నువ్వేమన్న ముట్టినవా?" అన్నాడు చివరికి.

"నా చెయ్యి తగిలి చెడిపోయిన వస్తువు ఈ భూమ్మీద లేదు."

"అయితె ఇన్ని చాయ నీళ్లు పెట్టు."

టీ తెచ్చేసరికి బ్లోయర్ గుర్రుమంటోంది. "ఏమైందిరా దానికి?" అంటే, "నీ ముచ్చట విన్నది, తిరిగింది" అన్నాడు.

కొన్నాళ్లకు మళ్లీ శుక్రవారం, మళ్లీ అదే మొండితనం. ఈసారి కొడుకు ఫోన్లో గట్టిగానే చెప్పాడు. మెకానిక్ సరైన కారణం చెప్పకపోతే ఇంటికి తాళం వేసి అమ్మను మస్కట్ తీసుకుపోతాడట, నన్ను ఊరికి పంపేస్తాడట. ఉరుము కూడా వినపడని జువేరియా మామాకు ఆ మాట మాత్రం వినపడింది. తన దానిమ్మ చెట్లకేసి తిరిగి కూర్చుంది. ఊళ్లో నాకు మిగిలింది ఓటు ఒక్కటే. నేను మాత్రం ఎక్కడికని పోను?

భూమేశ్ వచ్చాడు. చాప మీద కూర్చోబోయాడు.

"కూచోవద్దు. మా ఇద్దరి గతీ నీ చేతిలో ఉండాది. ఈపొద్దు కూరలు అడిగినావంటే గరిటె తిరగేస్తా."

"కూరలు అడుగ. పెరుగు తోడు పెట్టినవా?"

"పెట్టినా."

"ఏ గిన్నెల?"

"పెద్ద గిన్నెలో. పిల్లోళ్లు వస్తామన్యారు కదా."

"ఏడ పెట్టినవ్?"

నేను కొంగు సర్దుకున్నాను. ఈ చలికి పాలు తోడుకోవు. హీటరు అడుగున గోరువెచ్చగా ఉంటుందని రోజూ చిన్న గిన్నె అందులోనే పెడతాను. అది నాకూ ఆ బీరువాకూ మధ్య సంగతి.

వాడు రేకు తలుపు తీసి పెద్ద గిన్నెను తొణక్కుండా బయట పెట్టాడు. తలుపు వెనకున్న బొత్తాం చూపించాడు. తలుపు పూర్తిగా పడితేనే అది నొక్కుకుంటుంది, అప్పుడే బ్లోయర్ తిరుగుతుంది. చిన్న గిన్నెకు తలుపు పడుతుంది. పెద్ద గిన్నెకు వేలెడు సందు మిగులుతుంది. చుట్టాలు వస్తామన్నప్పుడల్లా మాకు చలి ఎందుకో అప్పుడు తెలిసింది.

అంతలో కొడుకు ఫోన్. భూమేశ్ అందుకుని, వచ్చీరాని అరబ్బీలో, "తలుపు సరిగ్గా పడటం లేదు బాబా. సరిచేశాను. ఇక ఆగదు. అమ్మను కదపవద్దు" అన్నాడు. పెరుగు మాట ఎత్తలేదు.

ఫోన్ పెట్టాక అడిగాను. "తలుపు సంగతి మొదటిసారే చూసినావు కదరా?"

"గుమ్మంల నిలవడంగనే. తలుపు ఓరగ ఉండె."

"మరి నా కుళాయి తగాదా అంతా ఎందుకు విన్యావు?"

"నీ చెయ్యి తగిలి ఏదీ చెడదంటివి. కాదని ఎట్లంట? సప్పుడు చెయ్యక గిన్నె బయట పెట్టి తలుపేసిన." గోడకేసి చూశాడు. "తలుపేసుటానికి నిమిషం సాలు పెద్దమ్మా. నిమిషంల లేచి పోతె, ఈ కొండ మీద నన్ను తెలుగుల తిట్టేటోళ్లు ఎవరు?"

తిట్టాల్సింది పోయి టీ నీళ్లు పెట్టాను. అలా జరగడం అరుదు.

తర్వాతి శుక్రవారం వాడికి సెలవు. గ్యాస్ సిలిండర్ల బండెక్కి కొండకు వచ్చాడు. వేడిగాలి వచ్చే జాలీ పక్కన గోడకు రేకు బల్ల ఒకటి బిగించాడు. పెద్ద గిన్నెకు అచ్చంగా సరిపోయింది.

"చిన్నదానికి చేసుంటే చాలు కదరా. పిల్లోళ్లు ఈపొద్దూ రావడంల్యా."

"పెద్దదే పెట్టు. నేనొస్త."

పెరుగన్నం రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. చెయ్యి కడుక్కుని చాప మీద చేరాడు.

"ఊ. మొదటి నుంచి చెప్పు."

"బ్లోయర్ బాగానే తిరగతాండాది కదరా, ఇంకేం చెప్పల్ల?"

"బాగ ఎందుకు తిరుగుతున్నదో తెలువొద్దా?"

"నిన్న పొద్దున్నే లేచినానా..." అని మొదలుపెట్టాను. జువేరియా మామా తన కుర్చీని మా చాప దగ్గరికి జరుపుకుంది.