వెంకటక్క రికార్డు మీద కప్పిన శాలువలు

మా పిన్ని కూతురు వెంకటక్క కోయంబత్తూరు మిల్లులో నూలు చుట్టే పని చేస్తుంది. పెళ్లికి ముందు మిల్లు ఆటల పోటీల్లో, నూరు గజాల పరుగులో ఆమె పెట్టిన రికార్డును ఇంతవరకు ఎవరూ దాటలేదు. దాటడానికి అసలు పందెం ఉంటే కదా! మరుసటి ఏడు నుంచి ఆడవాళ్లకు కుర్చీలాట, నిమ్మకాయ చెంచా పెట్టి సరిపెట్టారు. ఇప్పుడు మైదానంలో కొత్త షెడ్డు కడతారట, ఇక మీదట పోటీలుండవు. అక్క పోరగా పోరగా, ఈ చివరి పోటీల్లో ఆడవాళ్ల పరుగు పెట్టడానికి ఒప్పుకున్నారట. ఆమె తన మేనకోడలు కస్తూరిని తయారు చేసిందని తెలిశాక నేను ఇంట్లో కూర్చుంటానా?

బోడినాయకనూరులో తెల్లవారుజామున బస్సెక్కి, దిండుగల్లు, పళని, పొల్లాచ్చి మీదుగా వెళ్తే మధ్యాహ్నానికి చేరవచ్చు. అక్క కోసం ఏలకుల దండ కట్టించాను. కండక్టరు మనవాడే. "ఏమన్నా, బస్సంతా పాయసం వాసన వస్తుండాది?" అన్నాడు. "టికెట్టు ఇచ్చినంత సేపే పీల్చు, ఎక్కువైతే చార్జీ పడుతుంది" అన్నాను. పొల్లాచ్చి స్టాండులో ఇడ్లీ తినండి. చట్నీలో కొబ్బరికి పిసినారితనం లేదు.

మైదానంలో అక్క కస్తూరికి చీర కుచ్చిళ్లు బిగించి దోపుతోంది.

"ఈ పిల్ల గెలిస్తే మిల్లు గోడ మీద రాసిన నీ పేరు చెరిపేస్తారక్కా!" అని గిల్లాను.

"చెరపనీరా తమ్ముడా. ఒంటిగా నిలబడి నిలబడి ఆ పేరుకే కాళ్లు నొస్తుండాయి."

పరుగుకు ముందు పాత విజేతకు సన్మానం అన్నారు. మన వైపు సన్మానం ఒక్క శాలువతో ఆగుతుందా? మేనేజరు, యూనియను పెద్దలు, మేస్త్రీలు, ఆర్.ఎస్. పురం బట్టల కొట్టు నాయుడు, తలకో శాలువ, తలకో ప్రసంగం. "సీక్రం కానీండి సామీ, పొద్దు పొయ్యేస్తుండాది" అని శాలువల కింద నుంచి అక్క మొత్తుకుంటే, వినయం అనుకుని జనం చప్పట్లు కొట్టారు. వరుసలో చివరివాణ్ని నేను. ఫోటో బాగా రావాలని దండను తీసి మళ్లీ వేశాను.

వేదిక దిగేసరికి నేల మీద సున్నపు గీత కనబడటం లేదు. చీకట్లో పరుగు వద్దని పందెం రద్దు చేశారు. కస్తూరి ఇంకా చెప్పుల్లేని కాళ్లతో గీత దగ్గరే నిలబడి ఉంది. అక్క దండ తీసి నా చేతిలో పెట్టింది.

"నువ్వు కూడానా తమ్ముడా?" అంది.

 దండను మళ్లీ సంచిలో పెట్టేశాను.

ఆ రికార్డు ఇక ఎప్పటికీ ఉంటుంది. అక్క పరుగెత్తింది ఒక్కసారే. ఇన్నేళ్లూ దాన్ని ఎవరూ ముట్టకుండా కాపలా కాసింది మేమే, చప్పట్లు కొడుతూ.

మీరు ఇలాంటి పందేనికి వెళ్తే పొద్దుండగానే చేరండి. దండ తీసుకెళ్లినా, పరుగు అయ్యేదాకా సంచిలోంచి తీయకండి.