వాకిట్లోకి మోసుకొచ్చే టీవీ

మా చిన్నప్పుడు టీవీ ఇంట్లో చూసేది కాదు... వాకిట్లో చూసేది!

ఆదివారం ఎండ తగ్గగానే అమ్మ వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లేది. బాపు, చిన్నాయన చెరోపక్క పట్టుకుని, ఆయాసపడుతూ, ఆ బండలాంటి టీవీని గడప దాటించేవారు. నీళ్ళబిందెలు పెట్టే చెక్క గడంచె ఖాళీ చేసి దానిమీద కూర్చోబెట్టేవారు. అప్పటికే గల్లీ అంతా వచ్చేసేది... ఎవరి పీట వాళ్ళే చంకలో పెట్టుకుని!

టీవీ మాదే. కానీ మేం మాత్రం చివరి వరసలో, నీళ్ళ గోలెం పక్కన. అది బాపు పెట్టిన రూలు. "వచ్చినోళ్ళు ముందట కూసోవాలె బిడ్డా... మనం రోజు చూస్తం కద" అనేవాడు. నా ముందు ఎప్పుడూ ఎదురింటి సత్తెమ్మ పెద్దమ్మే. ఆమె కొప్పు తప్ప నాకేమీ కనిపించేది కాదు. సినిమాలో ఏం జరుగుతుందో పెద్దమ్మ నవ్వును బట్టి, ముక్కు చీదడాన్ని బట్టి తెలుసుకునేదాన్ని. ఎంత ఏడుపొచ్చేదో!

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే... మొన్న అమ్మావాళ్ళింట్లో టీవీ పాడైంది. కొత్తది కొనే పని నేనే మీదేసుకున్నాను. నాలుగు రోజులు ఫోన్లో అదే లోకం! ఏ టీవీకి బొమ్మ బాగుంది, దేనికి సౌండ్ బాగుంది అని ఒకటే చదవడం. నా కన్ను యాభై అయిదు అంగుళాల దానిమీద పడింది. గోడకు బిగిస్తే సినిమా హాలే అనుకున్నాను.

అమ్మ ఒక్కటే మాట అడిగింది. "గోడకు కొట్టిస్తే వాకిట్లకు ఎట్లొస్తదే?"

వాకిట్లో టీవీ పెట్టి ఎన్నేళ్ళయిందో!

బాపు పకపకా నవ్వాడు. "ఇంటింటికి టీవీ ఉండె, చేతిల ఫోన్లుండె... ఎవలొస్తరే నీ వాకిట్లకు?"

"పిలిస్తే ఎందుకు రారు? పక్కపొంటి ఎవలుంటున్నరో గూడ తెల్వకుంట ఎన్నొద్దులుండాలె?" అంది అమ్మ.

నిజమే. మా ఊరి పక్కన ఎయిర్‌పోర్టు వచ్చాక మా గల్లీలో ఖాళీ జాగా అన్నదల్లా కిరాయి గదులైంది. ఎవరెప్పుడు డ్యూటీకి పోతారో, ఎప్పుడొస్తారో... అమ్మకు ఒక్కరి పేరూ తెలియదు. ఆ మాటతో నా లెక్కంతా మారిపోయింది. ఇక నాకు కావాల్సింది వాకిట్లోకి మోసుకొచ్చే టీవీ!

పక్కనున్న కొత్తూరులో టీవీల షాపుకు పోయాం. అమ్మ పరీక్షలు చూడాలి! నలభై మూడు అంగుళాల టీవీని అమాంతం రెండు చేతులా ఎత్తేసింది. షాపాయన "అమ్మా, జర పైలం!" అంటూ ఉరికొచ్చాడు. అమ్మ మాత్రం ముఖం వెలిగిపోతూ "గింత అల్కగున్నదేందే!" అంది.

తర్వాత నన్ను వెనక్కి నడవమంది. షట్టరు దాటించి, మెట్లు దింపి, రోడ్డుమీద ఆగిన ఆటోదాకా పంపింది. మా గోలెం అంత దూరంలో ఉంటుంది మరి. షాపు లోపల్నుంచి అమ్మ అరుపు... "అక్షరాలు కనవడ్తున్నయా?" ముప్పై రెండు అంగుళాల దాంట్లో కనబడలేదు. యాభై అయిదు దాంట్లో బ్రహ్మాండంగా కనబడ్డాయి గానీ, అది అమ్మ చేతులకూ అందదు, మా బడ్జెట్‌కూ అందదు. నలభై మూడు దాంట్లో చక్కగా కనబడ్డాయి. ఆ పక్కనుంచీ ఈ పక్కనుంచీ చూసి, రంగులు వెలిసిపోవట్లేదని కూడా తేల్చుకున్నాం.

"గోడ ఫిటింగ్ ఫ్రీ అమ్మా" అన్నాడు షాపాయన.

"వద్దు బిడ్డా. కాళ్ళే గట్టిగ బిగియ్యి" అంది అమ్మ.

ఆదివారం సాయంత్రం అదే వాకిలి, అదే గడంచె, కొత్త టీవీ! అమ్మ ఇంటింటికీ పోయి పిలిచొచ్చి, చాపలు పరిచి కూర్చుంది. నా ఫోన్ నెట్ కలిపి పాత సినిమా పెట్టాను. పేర్లు పడ్డాయి, పాట కూడా అయిపోయింది... ఒక్కరూ రాలేదు. అమ్మ గేటు వైపే చూస్తోంది. వేళాకోళం చేసిన బాపు కూడా లేచి గేటుదాకా పోయి చూసొచ్చాడు.

అప్పుడు గేటు కిర్రుమంది. సత్తెమ్మ పెద్దమ్మ! చంకలో పీట!

"నన్ను రమ్మని, నేను రాకముందుకే షురూ జేసిండ్రా?" అంటూ వచ్చి ముందు కూర్చుంది. ఆమె వెనకే ఎదురు గదుల్లో ఉండే ఇద్దరమ్మాయిలు... ఎయిర్‌పోర్టు యూనిఫాంలోనే, గేటు దగ్గర మొహమాటంగా నిలబడ్డారు. "ఆంటీ, నిజంగా రావచ్చాండీ?" అన్నారు. అమ్మ ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది, పేర్లు అడుగుతూ. ఆ తర్వాత ఒక్కొక్కరే... చాపలు సరిపోక బాపు దుప్పట్లు తెచ్చి పరిచాడు!

మధ్యలో విమానం నెత్తిమీదుగా పోతే ఒక్క మాటా వినబడలేదు. అమ్మ రిమోట్ నొక్కి సినిమా ఆపేసింది. విమానం పోయాక మళ్ళీ నడిపించింది. వాకిలంతా చప్పట్లు!

ముందు వరసలో దర్జాగా కూర్చున్న నా కూతుర్ని బాపు పిలిచాడు. "ఏ పిల్లా, ఎనుకకు రా. టీవీ మనది."

అది మూతి ముడుచుకుని వచ్చి నా పక్కన, గోలెం దగ్గర కూలబడింది. "మన టీవీ అయితే మనమెందుకు మమ్మీ వెనక?" అని అడిగింది.

నా ముందు మళ్ళీ పెద్దమ్మ కొప్పే... తెల్లబడి, చిన్నదైపోయి. దానిమీదుగా బొమ్మ మొత్తం కనిపిస్తోంది. అయినా నేను బొమ్మను చూడలేదు. ఆ తలల్నే చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు టీవీలు పెద్దవయ్యాయి, ఒక్కరే ఎత్తేంత తేలికయ్యాయి... కానీ వాటిని గడప దాటించడమే మానేశాం కదా!

మరి మీరు? మీ వాకిట్లో మీది ఏ వరస... మీ ముందు ఎవరి కొప్పు?