డబ్బా అడుగున వెర్షన్ అంకె

నెట్ మెల్లగా వస్తోందని చెప్పడానికి ఒకరోజు మెట్‌పల్లిలో మాకు లైను ఇచ్చిన కేబుల్ ఆఫీసుకు వెళ్లాను. కౌంటర్‌లో ఉన్నాయన కంప్యూటర్ చూస్తూ నవ్వాడు.

"నిన్నటి సంది మీ ఇంట్ల కొత్త ఫోనొకటి తిరుగుతున్నది మేడం. చుట్టాలచ్చిండ్రా?"

నిజమే, మా చెల్లె వచ్చింది. అది ఆయనకెలా తెలుసని అడిగాను.

"డబ్బ మాదే గద. గిక్కడికెల్లే అన్ని కనవడ్తయ్."

పరాయి ఇంట్లోకి తొంగిచూడటం ఆయనకు హోదాలా ఉంది. సిగ్గన్నది లేదు. ఆ రౌటర్ ఇక మా ఇంట్లో ఉండకూడదనుకున్నాను.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. పదిహేను రోజులు కూర్చుని చదివాను. ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ పెట్టుకుంటే రౌటర్‌ను నడిపే ప్రోగ్రాం ఎవరైనా చదవవచ్చు, తాళం మన చేతిలో ఉంటుంది. ఒక మోడల్ ఎంచుకున్నాను. దాంట్లోనూ మూడో వెర్షన్ అయితేనే ఆ ప్రోగ్రాం ఎక్కుతుంది. నాలుగోదానికి లోపల చిప్పు మార్చేసి, పైన అదే పేరు, అదే బొమ్మ ఉంచారు. కొనేవాడు గమనించడని కంపెనీ వాళ్ల ధీమా.

మా నాన్నను, మేం బాపు అంటాం, తోడు తీసుకుని కరీంనగర్‌లో ఒక కంప్యూటర్ దుకాణానికి వెళ్లాను. దుకాణదారు నన్ను దాటి బాపును అడిగాడు.

"ఎన్ని కొమ్ములది గావాలె సార్? నాలుగున్నయ్, ఎనిమిదున్నయ్."

యాంటెన్నాలు లెక్కపెట్టి రౌటర్ అమ్మే మనిషి! పశువుల అంగట్లోనైనా పళ్లు చూస్తారు. నేను మోడల్ పేరు చెప్పి, డబ్బా తిప్పి అడుగున వెర్షన్ అంకె ఉండే స్టిక్కర్ చూపించమన్నాను.

"అన్నీ ఒక్కటే సార్," అన్నాడు మళ్లీ బాపుతోనే. "బిడ్డ ఫోన్ల ఏదో చూసినట్టున్నది."

బాపుకు చిరాకేసింది. "నన్నెందుకు అడుగుతున్నవ్? నడిపేది ఆమె. చెప్పింది జర చెయ్."

అప్పుడు తిప్పాడు. నాలుగు, నాలుగు, మళ్లీ నాలుగు. చివరికి కింది అరలో దుమ్ము పట్టిన డబ్బా మీద మూడు కనిపించింది.

"అది పాత మాల్ మేడం, ఎవ్వరు కొంటలేరు," అని నా మీద జాలిపడ్డాడు.

ఆదివారం ఫర్మ్‌వేర్ ఎక్కించాను. మధ్యలో కరెంటు పోతే రౌటర్ ఎందుకూ పనికిరాదు. అంతసేపూ బాపు స్విచ్ దగ్గర కాపలా నిలబడ్డాడు. రౌటర్ మీది దీపం ఆరింది, చాలాసేపటికి వెలిగింది. పాస్‌వర్డ్ నేనే పెట్టాను.

మర్నాడు కేబుల్ వాళ్ల పాత డబ్బాను వాళ్ల ఆఫీసులో తిరిగి ఇచ్చేశాను. కౌంటర్ ఆయనకు నేనెందుకు ఇస్తున్నానో ఎంత చెప్పినా అర్థం కాలేదు. రిజిస్టర్‌లో కారణం అన్నచోట 'డబ్బ ఖరాబ్' అని రాసుకున్నాడు. అది నిక్షేపంగా ఉంది. సరిదిద్దేంత గౌరవం నాకు ఆయన మీద లేదు. సంతకం పెట్టి కాలేజీకి వెళ్లిపోయాను.