కాటుక పూసిన ఉలి

చన్నపట్నం బొమ్మల పనివాళ్ళలో ఒకరి ఉలి ఇంకొకరు ముట్టరు. ఖలందర్ అయితే మరీను. పెళ్ళై ఇన్నేళ్ళయినా భార్య జైబును కూడా తన గాడి ఉలి మీద చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. ఆయన లేత్ మీద బొమ్మ తీస్తే ఆమె లక్కరంగు అద్దాలి, అంతవరకే. అంత పట్టింపు మనిషి పక్షవాతంతో మంచాన పడ్డాడు, కుడిచెయ్యి పడిపోయింది. పడితే ఆ ఎడమదే పడకూడదూ!

ఇల్లు గడవాలి కదా, జైబు ఉలి పట్టింది. చెక్కడం ఏళ్ళ తరబడి చూసి నేర్చుకుంది గానీ సాన పట్టడం చేతకాలేదు. గ్రైండర్ దగ్గర ఉలి ఒకే వాలులో నిలవక, అంచు ఎలుక కొరికినట్టు తయారయ్యేది. ఆయన లేచి చూస్తే ఏమంటాడోనని బెంగ. లేస్తాడనే ఆమె నమ్మకం. ఇక కష్టమని డాక్టరు చెప్పిన మాట చెవికెక్కలేదు.

పడిపోయిన రోజు పొద్దున ఖలందర్ సాన పట్టి గుడ్డలో చుట్టిన ఉలి ఒకటి అలాగే ఉంది. గ్రైండర్ కింద ఒక చట్రం కట్టించింది జైబు. ముందుకీ వెనక్కీ జరిగే కర్ర, దాని చివర ఉలి పిడి ఆనే గుంట. కర్ర కదలకుంటే ఉలి ప్రతిసారీ ఒకే వాలులో రాయికి తగులుతుంది. ఆ వాలు ఖలందర్‌దే కావాలి. గుడ్డలోని ఉలి తీసి, మొన వాలుకి తన కాటుక పూసి, కరెంటు వెయ్యకుండా రాయిని చేత్తో తిప్పింది. కాటుక అంచు దగ్గరే చెరిగింది. కర్ర జరిపింది. ఈసారి వెనకవైపే చెరిగింది. జరిపి జరిపి, వాలంతా ఒక్కసారే చెరిగినచోట కర్రకు మేకు కొట్టేసింది. ఉలి మళ్ళీ గుడ్డలో చుట్టేసి, మిగతా ఉలులన్నిటికీ అదే వాలు పట్టింది.

కానీ అది ఆరడుగుల మనిషి వాలు. జైబు ఆయన భుజం దాకా కూడా రాదు. ఆమె చేతిలో ఆ ఉలి లేత్ మీద తిరిగే చెక్కను మాటిమాటికీ కరుచుకునేది. పీట వేసుకుని నిలబడింది. పొడుగు పెరిగింది గానీ చెయ్యి పెరగలేదు. మేకు పీకి నీ చేతికి తగ్గట్టు జరుపుకో భాబీ అని పక్క షెడ్డు దస్తగీర్ ఎన్నిసార్లు చెప్పాడో. వింటేనా! జరిపితే, ఆయన ఇక లేవడని తన నోటితో తనే ఒప్పుకున్నట్టు.

ఒకనాడు ఉలి కరుచుకుని అంకుడు కర్రముక్క ఎగిరి ఆమె దవడ పగలగొట్టింది. వాచిన మొహంతో రాగిముద్ద తినిపించబోతే ఖలందర్ నోరు తెరవలేదు. ఉలి తెమ్మని సైగ చేశాడు. తెచ్చింది. ఎడమ బొటనవేలితో వాలు నిమిరి చూశాడు. తనదే, వెంట్రుకవాసి తేడా లేదు. మెచ్చుకుంటాడనుకుంది పిచ్చిది.

"కర్ర జరుపు," అన్నాడు, మాట ముద్దముద్దగా.

"జరిపితే మీరు లేచాక దేంతో పని చేస్తారు?"

ఆయన ఉలి పక్కన పెట్టి, అదే చేత్తో ఆ వాచిన దవడ తడిమాడు.

"గుడ్డలో చుట్టింది కూడా పట్టెయ్ జైబూ. నీ చేతికే పట్టు."

జైబుకు ఏడుపు తన్నుకొచ్చింది. ఉలి అందుకుంది. మంచానికి ఎదురుగా గుమ్మంలోంచి షెడ్డులోని గ్రైండర్ కనిపిస్తోంది. లేవబోతుంటే ఆయన కొంగు పట్టుకుని ఆపాడు.

"వెళ్ళేముందు నన్ను గోడవైపు తిప్పు."

తిప్పింది. దిండు సర్దింది. షెడ్డులోకి వెళ్ళి మేకు పీకి, కర్ర జరిపి, గుడ్డలోని ఉలినే ముందు రాయికి ఆనించింది.